సాక్షమ్మ ఇచ్చిన మాట

మొన్న వేసవిలో మా ఊరి గుడి పండగకు జగ్గయ్యపేట నుంచి ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కలేక బయట షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి ఉండగా, మైకులో ఎవరో కుర్రవాడు, క్రీస్తు కోసం ప్రాణమిచ్చిన మా వేదసాక్షి చరిత్ర చదవడం మొదలుపెట్టాడు. క్రికెట్ ఆట గురించి చెబుతున్నంత హడావుడిగా చదువుకుపోయాడు. సింహాలు వచ్చాయి, కాగే నూనె వచ్చింది, కత్తి వచ్చింది, చివరికి "నా పేరు తలచిన ఇంట్లో ఏ మహమ్మారీ అడుగు పెట్టదు" అన్న మాట కూడా వచ్చి, ఎండలో కలిసిపోయింది. చుట్టూ ఎవరూ తల ఎత్తి చూడలేదు. పిల్లలు ఐసులు చీకుతున్నారు. నాకు మాత్రం అంత ఎండలోనూ ఒళ్ళు జలదరించింది. ఆ వాక్యం ఆ గుడిలో చివరిసారి నా చెవిన పడి అరవై యేళ్ళు దాటింది. అది మా ఇంట్లోంచి ఏమేం తీసుకుపోయిందో తెలిసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

యాభైల నాటి మా మెట్ట ప్రాంతం నా ఈడు వారికి గుర్తుండే ఉంటుంది. కాలవలు లేవు, ఆకాశం కరుణిస్తే జొన్న, మిరప, కాస్త పత్తి, కరుణించకపోతే నెర్రెలు విచ్చిన నల్లరేగడి. గరికపాడు దాటితే నైజాం. దక్షిణాన కృష్ణ ఉన్నా, వేసవి వచ్చేసరికి మడుగులు మడుగులుగా మిగిలి, వాటి మధ్య ఇసుక కళ్ళు చెదిరేలా మెరిసేది. మా పూర్వీకులు ఏటి ఆవలి నుంచి వలస వచ్చిన రైతు కుటుంబాల వాళ్ళు, రావడమే క్రైస్తవులుగా వచ్చారు. ఊరికి ఎడంగా ఉన్న పల్లెలోని కూలి కుటుంబాలు మా తాతయ్య కాలంలో జ్ఞానస్నానం పుచ్చుకున్నాయి. రెండు చోట్లకూ కలిపి ఒకే గుడి, గుడికి ఒకే అమ్మ. లాతీనులో ఆమె పేరేదో వేరే ఉండేది గాని మా వాళ్ళ నోళ్ళకు అది తిరగలేదు. వేదసాక్షి అన్న మాటనే కుదించుకుని సాక్షమ్మ అన్నారు. ఆమె స్వరూపాన్ని ఎవరో దొరల కాలపు ఫాదరుగారు బెజవాడ నుంచి పడవలో ముక్త్యాల రేవు దాకా తెచ్చి, అక్కడి నుంచి ఎడ్లబండి మీద గడ్డి పరిచి తీసుకువచ్చారట. చేతిలో ఖర్జూరపు మట్ట, మెడ మీద సన్నని ఎర్రగీత, ఆ గీత కత్తి దెబ్బ. చిన్నప్పుడు ఆ గీత వైపు చూడాలంటే నాకు భయం.

మా తాతయ్య ఆ గుడికి ఉపదేశి, అంటే ఫాదరుగారు లేని రోజుల్లో జపాలు చెప్పించి, పిల్లలకు మతబోధ చేసే పెద్ద. ఏడాదికొకసారి పండగనాడు, ఎవరికీ అర్థం కాని లాతీను పూజ ముగిశాక, సాక్షమ్మ చరిత్రను తెలుగులో ఆయన చదివేవారు. పొడుగాటి మనిషి, తెల్లటి కండువా, లోతైన గొంతు. రోమా న్యాయాధిపతి కూతురైన ఆ కన్య చక్రవర్తినే ధిక్కరించి మాట్లాడుతుంటే మగవాళ్ళు మీసాలు సవరించుకునేవారు. సింహాలు ఆమె పాదాలు నాకే చోట ఆడవాళ్ళు ఏడుపు మొదలుపెట్టేవారు. మెడ తెగి, నెత్తుటికి బదులు పాలు కారే చోట గుడి గుడంతా గొల్లుమనేది. అప్పుడు తాతయ్య ఒక్క క్షణం ఆగి, ఆమె ఆఖరి మాట చదివేవారు. "నా పేరు తలచిన ఇంట్లో ఏ మహమ్మారీ అడుగు పెట్టదు." ఆ మాటతో ఏడుపులు ఆగిపోయేవి. జనం మొహాలు కడుక్కున్నట్టు తేటపడేవి. ఊళ్ళో సగం మంది ఆడపిల్లలకు ఆవిడ పేరే.

ఇదంతా జరిగిన ఏడాదికి నేను టీచరు ట్రైనింగు ముగించి మా ఊరి మిషను బడిలోనే చేరాను. మా అక్క నాకంటే రెండేళ్ళు పెద్ద. పెళ్ళి వద్దని, వానలు పడ్డాక గుంటూరు వెళ్ళి మఠంలో చేరాలని నిశ్చయించుకుని ఉంది. గుడి ఊడ్చడం, దీపం పెట్టడం, పండక్కి సాక్షమ్మ స్వరూపానికి పట్టు శాలువా కప్పడం అన్నీ తనవే. అలాగని ముఖం ముడుచుకుని తిరిగే భక్తురాలు కాదు. తను నవ్విందంటే రెండు వీధుల అవతలికి వినబడేది.

ఆ ఏడాది, ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు రోజుల్లో మా చిన్నాన్న రోము నుంచి వచ్చారు. ఆయన గురువు పట్టం పుచ్చుకుని ఫాదరు అయ్యాక పీఠాధిపతులు, అంటే బిషపుగారు, పై చదువుకు పంపితే, ఆరేళ్ళు అక్కడే ఉండి వేదసాక్షుల పాత లాతీను చరిత్రలను పరిశోధించి పట్టా తీసుకున్నారు. రాగానే మా ఊరికే వేశారు. బస్సు దిగిన కొడుకు ముందు తాతయ్య దుమ్ములోనే మోకరించి, చేతిని ముద్దు పెట్టుకుని, "దీవించండి స్వామీ" అనడం చూసి మా అక్క కళ్ళు తుడుచుకుంది. గురువు అయ్యాక కొడుకైనా స్వామే. అప్పటి నుంచి ఆయన కొడుకును తమరనే పిలిచేవారు.

సాయంత్రాలు అక్కా నేనూ చిన్నాన్నకు మజ్జిగ తీసుకువెళ్ళేవాళ్ళం. ఫాదరుగారి ఇంటి వసారాలో కూర్చుని ఆయన తన చదువు గురించి చెప్పేవారు. నందిగామ మునసబు కోర్టులో సాక్షి చెప్పింది గుమాస్తా రాసుకునే తీరు చూశారుగా, ప్రశ్న, జవాబు, తీర్పు, అంతే అనేవారు. వేదసాక్షుల అసలు చరిత్రలు అలాగే ఉంటాయిట, పొడిపొడిగా, నాలుగు మాటల్లో. తరవాతి వాళ్ళకు అది చాలలేదు. ఒకరి కథలోంచి సింహాలను, ఇంకొకరి కథలోంచి నూనె కొప్పెరను తెచ్చి కలిపారు, కూలిపని చేసుకునేదాన్ని న్యాయాధిపతి కూతుర్ని చేశారు, ఒక్క మాట అన్నదాని చేత పెద్ద ఉపన్యాసాలు చెప్పించారు. ఏది ఎప్పుడు రాసిందో ఎలా కనిపెడతారని నేను అడిగితే, రాసినవాళ్ళే పట్టిస్తారు అని నవ్వారు. మీ తాతయ్య చదివే దాంట్లో ఆమెను విచారించిన అధికారి హోదా చెప్పారు చూడండి, ఆమె పోయిన చాలా కాలానికి గాని ఆ హోదా పుట్టనే లేదు, నందిగామ తహసీల్దారు కాకతీయుల దగ్గర సంతకం పెట్టించుకున్నాడని రాసినట్టుంది అన్నారు.

మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని అక్క అలాగే నిలబడిపోయింది.

"అయితే మన సాక్షమ్మ ఉందా, లేదా చిన్నాన్నా?"

"ఉంది తల్లీ. నాకా నమ్మకం ఉంది. కానీ తాతయ్య చదివే ఆవిడ వేరు, ఉన్నావిడ వేరు."

ఆమె గురించిన పాత ప్రతి ఒకటి చాలా చిన్నదట, దాన్ని ఆయన లాతీనులో ఒకసారి పలికి తెలుగులో చెప్పారు. ఏం పని చేస్తావని అధికారి అడిగాడు. బట్టలకు రంగులద్దుతాను అంది. చక్రవర్తి బొమ్మ ముందు సాంబ్రాణి వేస్తావా అన్నాడు. వెయ్యను అంది. ఇంకేమైనా చెప్పుకుంటావా అన్నాడు. భయంగా ఉంది, అయినా వెయ్యలేను అంది. తీర్పు చదివారు. అక్కడితో సరి. ఆ భయంగా ఉంది అన్న మాట చూశారా, అదే దాన్ని నిజమని చెబుతుంది, కట్టుకథ రాసేవాడెవడూ తన వేదసాక్షి చేత ఆ మాట అనిపించడు అన్నారు చిన్నాన్న. పండగ రోజు మాత్రం నిజమైనదేనట. ఆమె సమాధి దగ్గర ఏటా జనం చేరేవాళ్ళు కాబట్టి రోజు నిలిచింది, ఏడాది మాత్రం మరిచిపోయారట.

"మరి ఆ ఆఖరి మాటో?" అంది అక్క. "మహమ్మారి సంగతి?"

చిన్నాన్న అక్క చేతిలోని గ్లాసు అందుకుని, మజ్జిగ ముగించి కింద పెట్టారు. ఆ మాట పాతవాటిలో ఎక్కడా లేదట. వందల యేళ్ళ తరవాత, ఏదో పట్నంలో మశూచో ప్లేగో తగిలి జనం చస్తున్నప్పుడు, వాళ్ళకు ధైర్యం కోసం ఎవరో కలిపింది. తాతయ్యకు చెప్పారా అని అక్క అడిగింది. పండగ అయ్యాక చెప్తానన్నారు ఆయన. తిరిగి ఇంటికి వచ్చాక గుమ్మం దగ్గర అక్క, "భయంగా ఉందని చెప్పి కూడా వెయ్యలేదంటే ఆవిడ ఎంత గట్టిదే" అంది.

ఆ ఏటి ఎండలు మామూలు ఎండలు కావు. పొద్దున ఎనిమిదింటికే వడగాలి లేచి మిరప కల్లాల ఘాటును ఊరంతా పరిచేది. పశువులు మేత మానేశాయి. పల్లె పక్కన వాగు చిక్కి, చిక్కి, పచ్చటి గుంటలుగా మిగిలింది. పండగకు ఇంకా కొన్నాళ్ళుందనగా ఏటి దిగువ ఊళ్ళలో కలరా తగిలిందని బండ్లవాళ్ళు చెప్పారు. తరవాత బండ్లు రావడం మానేశాయి. జగ్గయ్యపేట సంత ఎత్తేశారు. నైజాం వైపు నుంచి పనికి వచ్చే కూలీలు "గత్తరొచ్చిందమ్మా" అని మూటలు నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయారు. ఏటి గట్టు మీద నిలబడి చూస్తే దూరాన ఎక్కడో ఒక చోట పొగ కనబడేది. అది వంట పొగ కాదని మాకు తెలుసు.

జగ్గయ్యపేట నుంచి సర్కారు టీకాల సాయిబుగారు వచ్చారు. నడివయసు మనిషి, సైకిలు వెనక సూదిమందు పెట్టె. మా గుడి అరుగు మీద పెట్టె తెరిచి, స్పిరిటు దీపం వెలిగించి, సూది మరిగించి కూర్చున్నారు. ఎవరూ పోలేదు. మా పెద్దమ్మ ఆయనకు చెంబుతో మంచినీళ్ళిచ్చి మర్యాదగానే చెప్పింది.

"మాకు సాక్షమ్మ ఉందండి. మీ సూదులు పాపం ఆవలి ఊరోళ్ళకు వేసుకోండి."

"అమ్మా, రోగానికి ఊళ్ళతో పని లేదమ్మా. సూది వేశాక అది ఒంట్లో పనిచేసేదానికి వారం పట్టుద్ది. ఇప్పుడేయించుకుంటేనే మేలు."

మా పెద్దమ్మ నవ్వి లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడూ ఆయన వచ్చి కూర్చున్నారు, ఆ మర్నాడూ వచ్చారు. చిన్నాన్న ఆ అరుగు వైపు చూడటం, మళ్ళీ మా ఇంటి వైపు చూడటం నేను బడి కిటికీలోంచి గమనిస్తూనే ఉన్నాను. ఇంటింటికీ వెళ్ళి సూది వేయించుకోమని ఆయన చెప్పారు గాని, ఎందుకు వేయించుకోవాలో మాత్రం చెప్పలేదు. అది చెప్పాలంటే తాతయ్యను దాటి వెళ్ళాలి. సంగతి తెలిసిన అక్కా నేనూ కూడా ఆయనకు వెరచి ఆ అరుగు వైపు పోలేదు.

పండగకు మూడు రోజుల ముందు పల్లెలో ఒక పసిబిడ్డ తల్లి పోయింది. పొద్దున కూలికి వెళ్ళిన మనిషి సాయంత్రానికి లేదు. గుడి గంట మోగింది. మరునాడు మళ్ళీ మోగింది. ఆ తరవాత చిన్నాన్న గంట కొట్టవద్దన్నారు. గంట ఆగిపోయాక ఊరు మరీ భయంకరంగా తయారైంది. ఎవరు పోయారో, ఎవరున్నారో తెలియక, వీధిలో ఎవరు పరిగెత్తినా గుమ్మంలోకి ఉరికేవాళ్ళం. వాళ్ళ ఇంట్లో దీపం పెట్టి ఉండరు, పేరు తలచి ఉండరు అని జనం చెప్పుకున్నారు. ఈసారి తేరును ఊరంతా తిప్పాలని, పల్లె దాకా తీసుకుపోవాలని, అందరూ ఒకే చోట పానకం తాగాలని పెద్దలు తీర్మానించారు. ఆ పానకానికి నీళ్ళు వాగు గుంటల్లోంచే తెచ్చారు, బావులు అప్పటికే అడుగంటాయి మరి.

పండగనాటి పొద్దున చిన్నాన్న మా ఇంటికి వచ్చారు. తాతయ్య కండువా మడత పెట్టుకుంటున్నారు. నేనూ అక్కా గుమ్మంలో ఉన్నాం.

"నాన్నా, ఇవాళ చరిత్ర చదవండి గాని, ఆఖరి మాట చదవొద్దు."

"అది అమ్మ ఇచ్చిన మాట స్వామీ."

"అమ్మ ఇవ్వలేదు నాన్నా. ఆవిడ పోయిన ఎన్నో వందల యేళ్ళకు ఎవరో రాశారు. మిగతాది కూడా చాలావరకు అంతే. ఆ మాట నమ్మి వీళ్ళు సూది వేయించుకోవడం లేదు. ఇందాక పల్లెలో ఇంకో ఇద్దరు పడిపోయారు."

తాతయ్య మడత పెట్టిన కండువాను మళ్ళీ విప్పి భుజాన వేసుకున్నారు. తరవాత అడిగిన మాట నాకు ఇప్పటికీ వినబడుతుంది.

"అయితే నేను నలభై యేళ్ళు అబద్ధం చదివానంటారా తమరు?"

చిన్నాన్న మోకరించబోయారు. తాతయ్య రెండు చేతులా ఆయన్ను ఆపి, "గురువులు మోకరించగూడదు" అని, గుడి వైపు నడిచారు.

పూజ అయింది. తాతయ్య లేచి చదివారు. అంత గొప్పగా ఎన్నడూ చదవలేదు. ఆఖరి మాట దగ్గర ఎప్పటిలా ఆగలేదు, గొంతు పెంచి, కొడుకు వైపు చూడకుండా, ఒక్కొక్క మాటా గోడకు మేకు కొట్టినట్టు చదివారు. జనం ఆమెన్ అన్నారు. బయట పానకం కుండలు వరసగా ఉన్నాయి. పిల్లలు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు.

అప్పుడు చిన్నాన్న పీఠం ముందుకు వచ్చారు. ఆయన మొహం సున్నం కొట్టినట్టుంది. ఈ గుడిలో మా నాన్న చదివినదంతా తనకు అందిన పుస్తకాన్ని నమ్మి చదివారు, ఆయన తప్పు ఇందులో ఏమీ లేదు, కానీ ఆ ఆఖరి మాట సాక్షమ్మ అన్నది కాదు అన్నారు. ఆమె అన్నది ఇది అని, ఆ చిన్న విచారణంతా చెప్పారు. రంగులద్దే పని, సాంబ్రాణి, భయంగా ఉంది, అయినా వెయ్యలేను. ఆవిడ మనకు రోగం రాదని మాట ఇవ్వలేదు, భయంలోనూ నిజం చెప్పడం ఎలాగో చూపించింది, కాబట్టి నేనూ భయపడుతూనే చెబుతున్నాను, బయట సాయిబుగారు కూర్చున్నారు, వెళ్ళి చేయి చాపండి అన్నారు.

మగవాళ్ళ వైపు నుంచి ఎవరో "దిగు కిందికి" అని అరిచారు. గురువును అలా ఏకవచనంలో అనడం నేను విన్నది అదే మొదలు, అదే ఆఖరు. ఇంకెవరో లేచారు. రాయి పడుతుందేమోనని నేను కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ఆడవాళ్ళ చాపల మధ్య నుంచి మా అక్క లేచి నడుస్తోంది. ఎవరి వైపూ చూడలేదు. అరుగు మీదికి వెళ్ళి, రవిక చేయి పైకి మడిచి, సాయిబుగారి ఎదురుగా కూర్చుంది. సూది చూసి మొహం అటు తిప్పేసుకుంది. చిన్నప్పటి నుంచీ తనకు ముల్లు తీయించుకోవాలన్నా భయమే.

సాక్షమ్మకు దీపం పెట్టే పిల్ల వేయించుకుందంటే ఇంక మనమెంత అనుకున్నారో ఏమో, పల్లె ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు లేచారు. నేనూ లేచాను. మా వీధి వాళ్ళలో సగం మంది కదలలేదు. ఈలోగా చిన్నాన్న బయటికి వచ్చి, పూజబట్టల మీదనే, పానకం కుండలను ఒక్కొక్కటే కాలితో దొర్లించారు. బెల్లపు నీళ్ళు ఎండిన నేల మీద పారి ఇంకిపోయాయి. జనం గుండెలు బాదుకున్నారు. తాతయ్య మాత్రం ఇవేవీ చూడకుండా, కండువా తీసి చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయారు. ఆయన సూది వేయించుకోలేదు.

అక్క ఆ రోజు నుంచి పల్లెలోనే ఉంది. నీళ్ళు కాచి, ఉప్పూ పంచదారా కలిపి, పడిపోయినవాళ్ళ నోట్లో చెంచాలతో పోసింది. నన్ను రానివ్వలేదు, అమ్మ దగ్గర ఉండమంది. వారం పట్టుద్దని సాయిబుగారు చెప్పిన మాట తనకూ తెలుసు. గురువారం పొద్దున తనకే వాంతులు పట్టుకున్నాయి. ఇంటికి మోసుకువచ్చేసరికి కళ్ళు గుంటలు పడి, వేళ్ళు నీళ్ళలో నానినట్టు ముడుచుకుపోయి, గొంతు పూడుకుపోయి ఉంది. శుక్రవారం మధ్యాహ్నం, వడగాలికి తలుపులు కొట్టుకుంటుండగా పోయింది. ఏ ఏడాది అని అడిగితే ఇప్పుడు నేను తడుముకుంటాను. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, నైజాం ఇంకా కలవలేదు, అంతవరకే చెప్పగలను. రోజు మాత్రం పండగ తరవాతి శుక్రవారం. రోజు నిలుస్తుంది, ఏడాది పోతుంది అన్నది నిజమేనని అప్పుడప్పుడూ అనుకుంటాను.

గంట కొట్టలేదు. చిన్నాన్న ఒక్కరే లాతీనులో ప్రార్థనలు చెబుతుంటే, జవాబులు చెప్పవలసిన తాతయ్య పక్కనే నిలబడి పెదవులు కదపలేదు. మట్టి వేసి తిరిగి వస్తుంటే మా పెద్దమ్మ మా అమ్మ భుజం మీద చేయి వేసి ఏడుస్తూనే, "సాక్షమ్మ మాటను కాదన్నందుకు ఆమె చేతే ప్రాణం తీయించుకుంది తల్లీ" అంది. ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. సూది వేయించుకున్న వాళ్ళలో ఎక్కువ మంది బతికారు, వేయించుకోని వాళ్ళలో చాలామంది పోయారు. కానీ ఆ లెక్క ఎవరూ కట్టలేదు. అందరికీ మా అక్క ఒక్కతే కనబడింది. పైగా సూది వద్దన్న మా తాతయ్యకు తలనొప్పి కూడా రాలేదు. వానలు పడి రోగం సద్దుమణగగానే ఊరి పెద్దలు బెజవాడ వెళ్ళి, ఈ గురువు మాకొద్దని పీఠాధిపతులకు చెప్పి వచ్చారు. చిన్నాన్న ఒక రేకు పెట్టెతో జగ్గయ్యపేట బస్సెక్కారు. సాగనంపడానికి నేనూ, పల్లె నుంచి కొందరు ఆడవాళ్ళూ వచ్చాం. తాతయ్య రాలేదు.

మరుసటి ఏడు పండక్కి కొత్త ఫాదరుగారు, సంగతులేవీ ఎరగని మనిషి, తాతయ్యనే చరిత్ర చదవమన్నారు. వద్దంటారనుకున్నాను. లేచారు, కండువా సర్దుకున్నారు, సింహాలూ నూనే అన్నీ ఎప్పటిలా చదివారు. పాలు కారిన చోటు దాటాక ఆగారు. జనమంతా ఆ మాట కోసం ముందుకు వంగారు. ఆయన పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. పుస్తకం మూసి "ఆమెన్" అన్నారు. ఎవరూ అడగలేదు. పోయేదాకా ఏటా ఆయన అక్కడే ఆపేవారు. కొడుకును మాత్రం చూడనూ లేదు, కబురూ పెట్టలేదు.

అరవైలలో నాకు నందిగామ బడికి బదిలీ అయింది. చిన్నాన్న అక్కడ చిన్న మిషనులో ఉండేవారు. మునేరు వంతెన వైపు నడిచి వెళ్ళి ఆదివారాలు ఆయన్ను చూసి వచ్చేదాన్ని. లాతీను పుస్తకాలు రేకు పెట్టెలోంచి మళ్ళీ బయటికి రాలేదు. పూజ తెలుగులోకి మారిన రోజు సంతోషించారు గాని, ఆ సంతోషం కూడా ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టుండేది. ఆ దశకం చివరలో, నిజానిజాలు తేలని సాక్షమ్మ లాంటి కొందరు పునీతుల పేర్లను గుడి పండగల పంచాంగంలోంచి రోమువాళ్ళు తీసేశారన్న వార్త వచ్చింది. ఆయనకు కాస్త ఊరట కలుగుతుందేమోనని ఆ మాట పట్టుకుని పరుగున వెళ్ళాను. ఆయన అరుగు మీద చిక్కుళ్ళు ఒలుస్తున్నారు.

"రోములో కూర్చుని పుస్తకంలో గీత కొట్టడం వేరమ్మా. ఎదురుగా మా నాన్న కూర్చుని ఉండగా కొట్టడం వేరు" అన్నారు. ఇంకో కాయ ఒలుస్తూ, నా వైపు చూడకుండా, "చెప్పినందుకు కాదు నా బాధ. సాయిబుగారు వచ్చిన మొదటి రోజునే చెప్పి ఉంటే మీ అక్కకు ఆ వారం దొరికేది" అన్నారు. ఇద్దరం కలిసి ఆ చిక్కుళ్ళన్నీ ఒలిచాం. చీకటి పడకముందే వెళ్ళమని నన్ను పంపేశారు. ఆ తరవాత ఆయన ఎక్కువ కాలం బతకలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో కుళాయిలున్నాయి, వాగు మీద వంతెన ఉంది, కలరా అంటే ఏమిటో పిల్లలకు తెలియదు. అందుకు నాకు సంతోషమే. ఈమధ్య సమాధుల దొడ్డిలో మా అక్క సమాధి మీద ఎవరెవరో కొవ్వొత్తులు పెడుతున్నారు. మొన్న పండగ మర్నాడు నేను వెళ్ళేసరికి ఊరికి కొత్తగా వచ్చిన ఒక కోడలు పిల్ల, బిడ్డను పక్కన పడుకోబెట్టి అక్కడ మోకరించి ఉంది. నేనెవరో తనకు తెలియదు. "ఈవిడ గురించి తెలుసాండి అమ్మమ్మగారూ" అని తనే చెప్పుకొచ్చింది. ఈవిడకు సాక్షమ్మ కలలో కనబడిందట, ఊరి రోగమంతా నువ్వు తీసుకుంటావా అని అడిగిందట, ఈవిడ నవ్వుతూ సరేనందట, పోయాక మూడు రోజుల దాకా ఇంట్లో మల్లెపూల వాసన వచ్చిందట. ఇక్కడ కొవ్వొత్తి పెడితే పిల్లల జ్వరాలు తగ్గుతాయట.

మా ఇంట్లో వచ్చింది ఫినాయిలు వాసన. అక్క నవ్వలేదు. ఆఖరున నా చెయ్యి పట్టుకుని దాహం, దాహం అంది. ఆ సంగతి చెప్పాను. ఆవిడ మా అక్కమ్మా, నేను పక్కనే ఉన్నాను, ఇలా జరిగింది అని మొదటి నుంచీ చెప్పాను. ఆ పిల్ల మర్యాదగా, ఓపికగా విన్నది. అంతా అయ్యాక, "అవునాండి? మా అత్తగారు చెప్పింది వేరేగా ఉందండి" అని కొంగు సర్దుకుని, కొవ్వొత్తి గాలికి ఆరిపోకుండా చేతులు అడ్డం పెట్టింది.

ఆనాడు ఒక వాక్యం నిజమా కాదా అన్నదాని మీద ఊరు ఊరంతా లేచి నిలబడింది, తండ్రీ కొడుకులు విడిపోయారు, ఒక పిల్ల ప్రాణం పెట్టింది. ఈనాడు ఎవరి మాట వాళ్ళది, ఎవరూ ఎవరినీ కాదనరు, దిగు కిందికి అని అరిచేవాళ్ళు కూడా లేరు. కొట్లాటలు లేకపోవడం మంచిదే కావచ్చు. ఆ పిల్లతో నేను ఇంకేం వాదించలేదు. బిడ్డకు ఎన్నాళ్ళ నుంచి జ్వరం అని మాత్రం అడిగాను. నాలుగు రోజుల నుంచి అంది. ఆమెను లేపి, నన్ను తీసుకుపోవడానికి వచ్చిన ఆటోలోనే ఎక్కించుకుని, ఆ బిడ్డను జగ్గయ్యపేట ఆసుపత్రికి తీసుకువెళ్ళాను.